నాయన అక్షరాలకు రెండు అద్దాలు

రోడ్డు వెడల్పు చేస్తున్నారు, మన షెడ్డు పోతుంది, నీ సామాను ఏదన్నా ఉంటే వచ్చి తీసుకుపో అని అమ్మ ఫోను చేస్తే జమ్మలమడుగు పోయాను. బస్సులో గండికోట చూడబోయే పిల్లలు పాటలు పెట్టుకుని గోల చేస్తుంటే కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్ర రాదు, ఊరికే మూసుకోవాలనిపిస్తుంది. షెడ్డులో నా సామాను అంటూ పెద్దగా ఏమీ లేదు. తుప్పు పట్టిన ఇనుప చట్రం, ఎలుకలు కొరికిన తీగలు, అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బాలో దూది మధ్య రెండు చిన్న అద్దాలు, ఒక్కొక్కటి వేలిగోరంత, ఒక్కోదానికి బొటనవేలంత మోటారు. అమ్మ వాటిని చూసి, ఇవి ఇంకా ఉండాయా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి పోయింది. నేను మాత్రం అక్కడే ఒక విరిగిన బండ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మా నాయన దానియేలు రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. కడప నల్లబండ మీద సమాధి రాళ్ళు, శంకుస్థాపన రాళ్ళు, సత్రాలకూ బడులకూ దాతల పేర్లు. జమ్మలమడుగు, బద్వేలు, వేంపల్లె చుట్టుపక్కల చర్చి దొడ్లలో సమాధి కింద మనిషి నిద్రపోతున్నాడంటే తల దగ్గర మా నాయన అక్షరాలు ఉన్నట్టే. మా ఇల్లూ షెడ్డూ ఒకే కప్పు కింద ఉండేవి, మధ్యలో ఒక గోనె పరదా. పొద్దున్నే మా జేజి, అంటే నాయనను కన్న తల్లి కరుణమ్మ, వాకిట్లో దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లేది. రాతిపొడి మీద నీళ్ళు పడితే ఒక వాసన వచ్చేది, కొత్తగా సున్నం కొట్టిన గోడకు వాన తగిలినట్టు. అమ్మ కడవకు రెండు మడతల గుడ్డ కట్టేది, అయినా నీళ్ళు కొంచెం రాతి రుచిగానే ఉండేవి. సంగటి ముద్దలోకి చెనక్కాయల ఊరిబిండి వేసుకుని తింటుంటే పంటి కింద ఏదో కరకరమనేది. అది ఉప్పా, రాయా అని మేమెవరమూ అడగలేదు. జేజికి చూపు మందగించింది గానీ సుత్తి చప్పుడును బట్టి కొడుకు సంగతి చెప్పేది. ఈ పొద్దు వానికి ఆకలిగా ఉండాది అనేది. ఈ పొద్దు ఎవరో చిన్నబిడ్డ పేరు కొడుతుండాడు, మాట్లాడించొద్దండి అనేది.

నేను కడపలో ఎలక్ట్రానిక్స్ చదివి బయటపడిన యేడాదే ఉద్యోగాలకు కరువొచ్చింది. హైదరాబాదులో ఒక కంపెనీ నన్ను తీసుకుంది, కానీ చేరే తేదీని వెనక్కి జరుపుతూ పోయింది. పుస్తకాలు ఒక అట్టపెట్టెలో వేసుకుని ఇంటికొచ్చాను. వచ్చిన కొద్దిరోజులకే తెలిసింది, జేజి చప్పుడును బట్టి చెప్పే మాటలు మానేసిందని. నాయన కుడి చెయ్యి వణుకుతోంది. అన్నం కలుపుకునేటప్పుడు వణికేది, బీడీ వెలిగించుకునేటప్పుడు వణికేది. ఉలి పట్టుకుంటే మాత్రం ఆగుతుందని ఆయన నమ్మకం. అదీ ఒకరోజు పోయింది. పక్క పల్లె నుంచి వచ్చిన ఒకాయన కూతురి రాయి అది. ఆఖరి అక్షరం దగ్గర ఉలి జారి పెచ్చు లేచింది. ఆ పిల్ల తండ్రి రాయిని చూసి, వేలితో ఆ పెచ్చు లేచిన చోటు తడిమి, ఏమీ అనకుండా బండి మీదికి ఎత్తించుకుని పోయాడు. తిట్టి ఉంటే నాయన తట్టుకునేవాడు. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

పాత యంత్రాలు కొని అమ్మే ఖాజా మామ నాయనకు చిన్ననాటి నేస్తుడు. బెంగళూరులో మూతబడిన ఒక ఫ్యాక్టరీ నుంచి ఆయనే ఆ మిషను తెచ్చాడు. ప్లాస్టిక్ వస్తువుల మీద లేజరుతో పేర్లు వేసే మిషను. దాని గాజుగొట్టం బాగుంది, చల్లబరిచే నీళ్ళ పంపు బాగుంది, అద్దాలూ మోటార్లూ బాగున్నాయి. వాటిని నడిపించే కంప్యూటర్ కార్డు మాత్రం ఎవరో పీక్కుపోయారు. అందుకే అది మా దాకా వచ్చింది. దాన్ని షెడ్డులో దించినాక నాయన దాని చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నాకు తలకాయ ఉండాది, చెయ్యి పోయింది పాపా. దీనికి చెయ్యి ఉండాది, తలకాయ లేదు. నువ్వు తలకాయ పెట్టు."

చేతులతో బతికిన మనిషి యంత్రాన్ని ఏవగించుకుంటాడని అందరూ అనుకుంటారు. మా నాయన ఆ మిషను కోసం తహతహలాడాడు. నాకే ఇష్టం లేదు. చదివింది ఒకటి, చేయగలిగింది ఒకటి అని నాకు బాగా తెలుసు. కానీ ఆయన చెయ్యి వెనక్కి దాచుకుని నిలబడ్డ తీరు చూసి సరే అన్నాను.

ఆ అద్దాలను గాల్వో అంటారు. మోటారు గిరగిర తిరగదు, ఇటు కొంచెం, అటు కొంచెం కదులుతుంది. ఒక అద్దం లేజరు కిరణాన్ని అడ్డంగా తిప్పితే రెండోది నిలువుగా తిప్పుతుంది. రెండూ కలిస్తే ఎక్కడ కావాలంటే అక్కడ చుక్క పడుతుంది. మోటారుకు ఎంత వోల్టేజి ఇస్తే అద్దం అంత తిరిగి నిలబడుతుంది. నా దగ్గర కాలేజీ ప్రాజెక్టుకు వాడిన మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి ఉంది. ఆ చిప్పు కాళ్ళలో చాలావాటికి కరెంటు ఉండటం, లేకపోవటం రెండే తెలుసు. ఒక్క కాలు మాత్రం మనం ఇచ్చిన అంకెను బట్టి వోల్టేజిని మెల్లగా పెంచుతుంది, మెల్లగా తగ్గిస్తుంది. గాల్వోకు కావలసింది సరిగ్గా అదే. చిక్కేమంటే అటువంటి కాలు ఆ చిప్పుకు ఒక్కటే, అద్దాలేమో రెండు. వేంపల్లెలో ఉన్న నా స్నేహితురాలి దగ్గరికి పోయి ఆమె బోర్డు కూడా అడిగి తెచ్చుకున్నాను. రెండింటి మధ్య తీగ వేసి, ఒకటి సైగ చేస్తే రెండోది అదే క్షణంలో కదిలేట్టు ప్రోగ్రాం రాశాను. బోర్డు ఇచ్చే వోల్టేజి సున్నా నుంచి పైకి మాత్రమే పోతుంది, అద్దానికేమో సున్నాకు కిందా పైనా రెండూ కావాలి. ఆ వోల్టేజిని సాగదీసి, కిందికి జరిపే చిన్న సర్క్యూటు అతకటానికి వేసవి సగం గడిచింది. మధ్యాహ్నం కరెంటు పోయేది. సోల్డరింగ్ కడ్డీ చల్లారిపోతే రేకుల కింద చెమటలు కారుస్తూ గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పరదా అవతల జేజి విసనకర్ర చప్పుడు వినిపిస్తుండేది.

అసలు లేజరు కంటికి కనపడదు, మనిషిని కాల్చగలదు. అందుకని మొదట దాని బదులు ఒక చిన్న ఎర్ర లైటు బిగించాను. ఒక సాయంత్రం తెల్లగోడ మీద గుండ్రం గీయమని బోర్డుకు చెప్పాను. అద్దాలు దోమల్లాగా కీచుమన్నాయి. గోడ మీద గుండ్రం బదులు కోడిగుడ్డు పడింది. అయినా పడింది. అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి చూసింది. జేజి గోడకు దగ్గరగా పోయి, ఆ ఎర్రగీత మీద చెయ్యి పెట్టింది, వేడిగా ఉందేమోనని. తన పేరు రాయమంది. జేజికి చదువు రాదు. కరుణమ్మ అని రాస్తే ఇందులో 'మ్మ' ఏది అని అడిగింది, చూపిస్తే అక్కడే నిలబడి ఆ ఒక్క అక్షరాన్నే చూసింది.

పలకమీద పిల్లలు చేసే తప్పులన్నీ ఆ అద్దాలు చేశాయి. మూల తిరిగేచోట ఆగలేక అవతలికి పోయేవి. అక్షరం ఒంటి నుంచి తలకట్టుకు దూకేటప్పుడు మధ్యలో వెంట్రుకంత తోక మిగిల్చేవి. దూకినాక కుదురుకునేదాకా లైటును ఆపి ఉంచాలని తెలుసుకోవటానికి చాలా రోజులు పట్టింది. గోడ మీద అంచుకు పోయేకొద్దీ అక్షరం పొట్ట ఉబ్బేది, దానికి లెక్క కట్టి సర్దాను. గుండ్రటి అక్షరాలు అద్దాలకు సుఖం, మూలలంటేనే కష్టం. ఇంగ్లీషు పేర్లు ఏడిపించేవి, తెలుగు పేర్లు సాఫీగా వచ్చేవి. ఆఖరికి అసలు లేజరు పెట్టి, చుట్టూ రేకు పెట్టె బిగించి, తెరిస్తే ఆగిపోయేట్టు స్విచ్చి పెట్టాను. నల్లబండ మీద కిరణం పడ్డ చోటల్లా బూడిద తెలుపు తేలింది. కంప్యూటర్లో ఉన్న తెలుగు అక్షరాలతో ఒక పేరు వేసి నాయనకు చూపించాను. ఆయన రాయిని ఎండలోకి పట్టుకుపోయి చూశాడు.

"బాగుండాది పాపా. బస్సు టికెట్టు మీద ఉన్నట్టు ఉండాది."

ఆ రోజంతా నాకు ఒళ్ళు మండింది. మరుసటి రోజు నేనే అడిగాను, అయితే నీ అక్షరాలే పెడదామా అని. పెన్సిలుతో గీయమని కాగితం ఇస్తే ఆయన గీసిన 'అ' గాలికి ఊగే దీపంలా ఉంది. కాగితం ఉండచుట్టి, లేచి చొక్కా తొడుక్కున్నాడు. మంచి అక్షరాలు రాళ్ళ మీద ఉండాయి, పోయి తెచ్చుకుందాం పద అన్నాడు.

అట్లా ఆ వానాకాలమంతా నాయనా నేనూ బస్సులెక్కి ఆయన పాత అక్షరాల కోసం తిరిగాం. సంచిలో తెల్లకాగితాలు, బొగ్గుముక్కలు, నీళ్ళసీసా, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు. రాయి మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే చెక్కిన అక్షరం తెల్లగా తేలేది. అమ్మల, అయ్యల పేర్లలో చాలా అక్షరాలు దొరికాయి. దొరకనివే తిప్పలు పెట్టాయి. 'ఠ' కోసం ఒక పాఠశాల దాకా పోయాం. 'ఘ' చర్చి గోడ మీది సంఘంలో దొరికింది. 'ఢ' ఎక్కడా లేదనుకుంటే బద్వేలులో కోమట్ల సత్రం రాయి మీద ఆషాఢమాసం ఉందని నాయనకు గుర్తొచ్చింది. ఆ సత్రం చూసుకునే శెట్టిగారు మమ్మల్ని అనుమానంగా చూసి, విషయం తెలిశాక మజ్జిగ ఇప్పించారు. ఇది మీ అమ్మను చేసుకున్న యేడు కొట్టింది, ఇది నువ్వు పుట్టిన యేడు కొట్టింది అని నాయన చెప్పేవాడు. నాకు తేడా కనపడేది కాదు. ఆయనకు కనపడేది.

వేంపల్లె దగ్గర ఒక చిన్న చర్చి దొడ్లో, ఒక రాయి ముందు ఆయన చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. రుద్దుతావా నాయనా అని కాగితం ఇవ్వబోతే వద్దన్నాడు. 'శ' కొమ్ము దగ్గర వేలు పెట్టి చూపించాడు. గీత సన్నగా, ఒకచోట మాత్రం అలలాగా ఉంది. నేను బడిలో చదువుకునే రోజుల నాటి రాయి అది.

"నిన్నా మొన్నా అనుకుంటి. అప్పుడే మొదలయింది, చూడు. నాకు తెలియనే లేదు."

బస్సు కోసం నడిచాం. ఇద్దరి కాళ్ళకూ నల్లరేగడి అతుక్కుని బరువుగా ఉంది.

ఇంటికి తెచ్చిన కాగితాలను గళ్ళ కాగితం మీద దింపి, అక్షరం అంచు ఎక్కడెక్కడ నడుస్తుందో అంకెలుగా మార్చాలి. అన్నాలయ్యాక అమ్మ సుగుణమ్మ అంకెలు చదివేది, నేను కంప్యూటర్లోకి కొట్టేదాన్ని. ఐదో తరగతితో ఆగిన అమ్మ కొన్నాళ్ళకు అంకెలు వింటూనే అక్షరం పేరు చెప్పటం మొదలుపెట్టింది. ఇది 'క' కదా అనేది, ఈ అంకె తప్పు, ఇంత పొట్ట మీ నాయన పెట్టడు అనేది. రేకుల మీద వాన, గిన్నెల తడి వాసన, అమ్మ గొంతులో వరసగా అంకెలు. ఆ రోజుల్లో నేను ఎప్పుడూ అలసిపోయే ఉన్నాను, కానీ పడుకుంటే నిద్ర పట్టేది. అక్షరాలన్నీ పూర్తయ్యాక మొదటి రాయి వేశాం. నాయన చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పోయి అమ్మను పిలుచుకొచ్చాడు.

చలికాలం మొదట్లో జేజి పోయింది. జ్వరం లాగా వచ్చింది, నాలుగు పూటలు గంజి తాగలేదు, అంతే. సమాధి రాయి సంగతి వచ్చేసరికి ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. మిషను సిద్ధంగా ఉంది, నాయన మంచికాలపు అక్షరాలు అందులో ఉన్నాయి. నేను పేరు కూడా కొట్టి పెట్టాను. నాయన వచ్చి మీట నొక్కి మిషను ఆపేశాడు. ఒక బండ ఎత్తించి షెడ్డు ముందు పెట్టించుకుని, ఉలి పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇన్ని నెలలు ఈ పని చేసింది దేనికి, జేజికి పనికిరానిది ఊరికి ఎందుకు అని అడిగాను.

"ఊరికి మంచి అక్షరం ఇయ్యల్ల పాపా, దుడ్డు తీసుకుంటాం. మాయమ్మకు నా చెయ్యే పోవల్ల. ఎట్లుంటే అట్ల."

ఎన్ని రోజులు పట్టిందో లెక్క పెట్టలేదు. రెండు దెబ్బలు కొట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వణుకు తగ్గేదాకా రోడ్డు చూసి, మళ్ళీ రెండు దెబ్బలు. అమ్మ అటుగా పోతూ ఆయన పక్కన టీ పెట్టేది, అది చల్లారిపోయేది. రాయి నిలబెట్టిన రోజు సంఘం వాళ్ళు వంకర అక్షరాలు చూసి మొహమొహాలు చూసుకున్నారు. నాయన పట్టించుకోలేదు. ఆ రాయి తర్వాత ఆయన మళ్ళీ ఉలి ముట్టలేదు.

ఆ తర్వాత కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. మిషను ఎవరు చూసుకుంటారని నేను దిగులుపడుతుంటే అమ్మ చీరకొంగు నడుముకు దోపుకుని వచ్చి, ఏ మీట తర్వాత ఏ మీటో చెప్పమంది. చెప్పాను. నేను పోయినాక చాలా ఏళ్ళు ఆమే నడిపింది. నాయన పక్కన కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు, పేరు సరిగ్గా ఎట్లా రాయాలో రెండుసార్లు అడిగేవాడు. ఆయన పోయినప్పుడు ఆయన రాయిని కూడా మిషను మీద అమ్మే వేసింది. ఆ తర్వాత లేజరు గొట్టం పాడైపోయింది. కొత్త గొట్టం తెప్పిస్తానంటే వద్దంది. అప్పటికే ఊర్లో ఇంకో ఇద్దరు కొత్త మిషన్లు తెచ్చుకున్నారు. నేను పనిచేసే చోట ఇప్పుడు ఇటువంటి అద్దాలు గదినిండా ఉన్నాయి, నేను వీధిలో నడిచేటప్పుడు కూడా వాటి కీచు చెవిలో ఉంటుంది. కానీ అవి ఏం రాస్తున్నాయో నేను చూడను. పెట్టెల మీద అంకెలు రాస్తాయి. ఎవరూ వాటిని ఎండలోకి పట్టుకుపోయి చూడరు.

షెడ్డు ఖాళీ చేసిన మరుసటి రోజు అమ్మ ఒక తెల్లరంగు డబ్బా, రెండు సన్న కుంచెలు తీసి, చర్చి దొడ్డికి పోదాం రా అంది. సమాధుల పండగ దగ్గర పడుతోంది. పోయి చూసినాక గానీ నాకు తెలియలేదు. లేజరు రాతిని పైపైన మాత్రమే కాలుస్తుంది. మేము వేసిన పేర్లన్నీ ఎండకూ వానకూ పాలిపోయాయి. కొన్ని పక్కకు తిరిగి వెలుతురుకు చూస్తే తప్ప కనపడటం లేదు. అమ్మ ప్రతి ఏడూ వచ్చి కొన్ని కొన్నిటికి రంగు పూస్తోందట. నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, మనం రాసినవే గదా, మనమే చూసుకోవల్ల, దానికి చెప్పేదేముందని అంది. జేజి రాయికి మాత్రం రంగు అవసరం లేకపోయింది, ఆ వంకర గాట్లలో దుమ్ము నిండి పేరు దూరం నుంచే కనపడుతోంది.

పొద్దు వాలేదాకా ఇద్దరం కూర్చుని పూశాం. నాయన రాయి నేను పూశాను. మాసిపోయిన గీత మీద కుంచె పెట్టి పోతుంటే ఆయన తలకట్టును ఎంత దూరంగా ఎత్తిపెట్టేవాడో, 'ల' తోకను ఎక్కడ ఆపేవాడో చేతికి తెలిసింది. అన్నాళ్ళు అంకెలుగా తప్ప నాకు తెలియని సంగతి అది. నడుము పట్టేసింది. లేచి చేతులు తుడుచుకుంటుంటే పక్క వరసలో నుంచి ఒక ముసలామె వచ్చింది. ఆమె కూతురి రాయి వేరే ఎవరో వేసింది, మా మాదిరి మిషను పనే. దాని మీద ఇప్పుడు అక్షరం అన్నది లేదు, నున్నటి నలుపు. మాది కూడా రాస్తావామ్మా అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది, నీ ఇష్టం అన్నట్టు. నాకు చాలా అలసటగా ఉంది. బస్సుకు టైమవుతోంది. బిడ్డ పేరేమి అని అడిగాను. సువార్తమ్మ అని చెప్పింది.

కింద ఆనవాలు లేదు. నాయన అక్షరాలు నాకు అంతగా రావు. కాసేపు ఆ నల్లరాయిని చూసి, నా చేతికి వచ్చినట్టు రాసుకుంటూ పోయాను. ముసలామె పక్కన కూర్చుని, సరిగ్గా ఉందా అని అమ్మను అడిగింది. అమ్మ వంగి ఒక్కో అక్షరం చదివి, ఉండాది అని చెప్పింది.